నిరసన ఓటుకు చోటెక్కడ?

మేడారం అనగానే అందరికీ గుర్తొచ్చేది సమ్మక్క సారలమ్మల జాతర. రెండేళ్ళకొకసారి ఈ అడవి పల్లెకు లక్షలాది జనం తరలివస్తారు. రాజకీయ నాయకులకూ ఈ ఊరితో పని ఎక్కువే. 2023 ఫిబ్రవరి 6న రేవంత్ రెడ్డి తన పాదయాత్రను మేడారం నుంచే మొదలుపెట్టారు. అదే ఏడాది అక్టోబరులో రాహుల్ గాంధీ, ప్రియాంక గాంధీ ఇదే ములుగు నియోజకవర్గంలోని రామప్ప గుడిని దర్శించుకుని ఎన్నికల ప్రచారానికి బయలుదేరారు. ముఖ్యమంత్రులుగా కేసీఆర్, రేవంత్ రెడ్డి ఇద్దరూ జాతరకు వచ్చి నిలువెత్తు బంగారం, అంటే తమ బరువుకు తూగే బెల్లం, సమర్పించి వెళ్ళినవారే.

ఇంతమంది వచ్చిపోయే ఈ ఊరి ఓటరును ఏ పార్టీ కూడా ఒక చిన్న ప్రశ్న అడగదు. "మా పార్టీ తరఫున ఎవరిని నిలబెట్టమంటారు?" అన్నదే ఆ ప్రశ్న. మేడారాన్ని అడగరు, వరంగల్‌ను అడగరు, హైదరాబాద్ పాతబస్తీనీ అడగరు. ములుగు నుంచి గెలిచిన సీతక్కకు ప్రజల్లో మంచి పేరుంది. మా మాట ఆమె గురించి కాదు. మంచి అభ్యర్థి దొరికినా, చెడ్డ అభ్యర్థి దాపురించినా అది పైవారి దయే తప్ప ఓటరు ఎంపిక కాదన్నదే మా ఆవేదన.

అడగనప్పుడు ఓటరుకు కోపం వస్తుంది. ఆ కోపం ఒక్కొక్క ఎన్నికలో ఒక్కొక్క రూపంలో బయటపడుతుంది. కొందరు ఊరూ పేరూ తెలియని స్వతంత్రుడికి ఓటేస్తారు. కొందరు 'నోటా' మీట నొక్కుతారు. కొందరు తామే నామినేషన్ వేస్తారు. మరికొందరు ఇల్లు కదలరు. వీటన్నింటినీ కలిపి నిరసన ఓటు అంటున్నాం. ఈ ఓటు వృథా అనేవారున్నారు, వీరత్వం అనేవారూ ఉన్నారు. ఈ రెండు మాటలనూ ఇక్కడ పరిశీలించదలచాం.

తొలి మెట్టు ఎవరి చేతిలో?

ఎన్నికకు రెండు మెట్లున్నాయి. పార్టీ తన అభ్యర్థిని ఎంచుకోవడం మొదటిది. ప్రజలు తమ ప్రతినిధిని ఎన్నుకోవడం రెండవది. మన దేశంలో మొదటి మెట్టు పూర్తిగా పార్టీ పెద్దల చేతిలో ఉంది. 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికలనే చూడండి. భారత రాష్ట్ర సమితి ఆగస్టు 21న ఒకే రోజు 115 మంది పేర్లను ప్రకటించింది. ఆ జాబితా చదివింది ఆ పార్టీ అధినేతే. కాంగ్రెస్ గాంధీభవన్‌లో దరఖాస్తులు స్వీకరించింది. రుసుము సాధారణ అభ్యర్థులకు 50 వేల రూపాయలు, దళిత, గిరిజన అభ్యర్థులకు 25 వేలు. వెయ్యికి పైగా దరఖాస్తులు వచ్చాయి. తుది జాబితా మాత్రం ఢిల్లీ నుంచి దిగింది. మిగతా పార్టీల పద్ధతి కూడా ఇంతకంటే గొప్పగా ఏమీ లేదు.

2014 లోక్‌సభ ఎన్నికలప్పుడు కాంగ్రెస్ పార్టీ కొద్ది స్థానాల్లో కార్యకర్తల ఓటుతో అభ్యర్థిని ఎంపిక చేసే ప్రయోగం చేసింది. గుజరాత్‌లోని వడోదర వాటిలో ఒకటి. అక్కడ కార్యకర్తలు ఒకరిని ఎన్నుకున్నారు. ఇంతలో నరేంద్ర మోదీ అక్కడి నుంచి పోటీకి దిగారు. కార్యకర్తలు ఎన్నుకున్న వ్యక్తి తప్పుకోగా, సీనియర్ నాయకుడు మధుసూదన్ మిస్త్రీ బరిలోకి వచ్చారు. ఆ ప్రయోగం ఆ ఎన్నికతోనే అటకెక్కింది.

అమెరికాలో ఈ మొదటి మెట్టు చాలావరకు సామాన్య ఓటరు చేతిలో ఉంది. అసలు ఎన్నికకు కొన్ని నెలల ముందే ప్రతి పార్టీలోనూ అభ్యర్థి ఎంపిక కోసం ఓటింగు జరుగుతుంది. దానిని వారు ప్రైమరీ అంటారు. తన పార్టీ నాయకుడి మీద కోపమున్న ఓటరు ఆ కోపాన్ని అక్కడే వెళ్ళగక్కుతాడు.

2012లో పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో ఒక విచిత్రం జరిగింది. డెమొక్రటిక్ పార్టీ ప్రైమరీలో అధ్యక్షుడు ఒబామాకు పోటీగా టెక్సాస్ జైలులో శిక్ష అనుభవిస్తున్న కీత్ జడ్ అనే ఖైదీ నిలబడ్డాడు. అతనికి నూటికి 41 ఓట్లు పడ్డాయి! ఆ ఓటర్లు ఖైదీని దేశాధ్యక్షుణ్ణి చేయాలని ఓటేశారని ఎవరూ అనుకోలేదు. అది బొగ్గు గనుల రాష్ట్రం. తమ బతుకుతెరువును దెబ్బతీస్తున్నారన్న ఆగ్రహంతో అక్కడి జనం చేతికందిన పేరు మీద మీట నొక్కారు. ఆ ఓటుతో ప్రభుత్వం మారిపోలేదు, ఎవరి పదవీ పోలేదు. కానీ ఒకప్పుడు తమకు కంచుకోటగా ఉన్న రాష్ట్రం చేజారిందని ఆ పార్టీకి అంకెల్లో తెలిసింది. ఈ లాభం చిన్నది కాదు.

డియర్‌బోర్న్ చెప్పిన పాఠం

మరొక ఉదాహరణ మన పాఠకులకు ఇంకా దగ్గరిది. గాజాలో బాంబుల వర్షం కురుస్తుండగా అమెరికా ప్రభుత్వం ఇజ్రాయెల్‌కు ఆయుధాలు పంపుతూనే ఉంది. మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్ నగరంలో అరబ్బు సంతతివారు అత్యధికంగా నివసిస్తారు. వారూ, వారి మిత్రులూ కలిసి 2024 ఫిబ్రవరి 27న జరిగిన డెమొక్రటిక్ ప్రైమరీలో బైడెన్‌కు ఓటు వేయకుండా, ఎవరికీ కట్టుబడని ఓటు వేయాలని ప్రచారం చేశారు. పదివేల ఓట్లు వస్తే చాలనుకున్నారు. 2016లో ట్రంప్ ఆ రాష్ట్రాన్ని గెలుచుకున్న ఆధిక్యం సుమారు అంతే కనుక ఆ అంకెను లక్ష్యంగా పెట్టుకున్నారు. తీరా లక్షకు పైగా పడ్డాయి. పోలైన ఓట్లలో అది సుమారు 13 శాతం.

ఈ ఉద్యమం పద్ధతిని గమనించండి. కోరిక ఒక్కటే, అది యుద్ధం ఆపమనడం. ముందుగా చెప్పిన అంకె ఉంది. అసలు ఎన్నికకు ఎనిమిది నెలల వ్యవధి ఉంది. అందుకే దేశమంతా ఆ ఓటు గురించి మాట్లాడింది. ఆ ఉద్యమానికి పార్టీ మహాసభలో ప్రతినిధులు కూడా దక్కారు.

అయితే రెండవ సగం కూడా చెప్పుకోవాలి. ఆగస్టులో చికాగోలో జరిగిన ఆ మహాసభలో ఒక్క పాలస్తీనా సంతతి వక్తకైనా వేదిక ఇమ్మని వారు అడిగారు. పార్టీ నిరాకరించింది. నవంబరులో అసలు ఎన్నిక వచ్చేసరికి డియర్‌బోర్న్ ఓటు మూడు ముక్కలైంది. ట్రంప్‌కు ఎక్కువ, హారిస్‌కు అంతకంటే తక్కువ, మూడవ పక్షానికి చెందిన జిల్ స్టైన్‌కు కొంత పడింది. మొదటి మెట్టు మీద ఒక్క గొంతుతో పలికిన వారు రెండవ మెట్టు మీద చెల్లాచెదురయ్యారు. కోపాన్ని చెప్పడానికి దారి ఉన్నంత మాత్రాన ఆలకించే చెవులు ఉంటాయని హామీ లేదు. అయినా, చెప్పే దారి ఉన్నచోట కనీసం నేరం ఎవరిదో స్పష్టంగా కనిపిస్తుంది. విని కూడా పెడచెవిన పెట్టింది ఎవరో చరిత్రలో నమోదవుతుంది.

నల్లగొండ, నిజామాబాద్

మనకు మొదటి మెట్టు లేదు కనుక మన నిరసన అంతా రెండవ మెట్టు మీదే జరుగుతోంది. ఇందులో తెలుగువారిది దేశంలోనే పెద్ద చరిత్ర.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీరు తాగి ఎముకలు వంగిపోయిన జిల్లా అది. సురక్షితమైన నీరు, శ్రీశైలం ఎడమగట్టు కాలువ కోసం జలసాధన సమితి చేపట్టిన ఆందోళనలో భాగంగా జనం గుంపులు గుంపులుగా నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం కాస్తా పుస్తకమైంది. గెలిచింది సీపీఐకి చెందిన బొమ్మగాని ధర్మభిక్షం. మిగిలినవారిలో దాదాపు అందరి డిపాజిట్లూ గల్లంతయ్యాయి. కానీ నల్లగొండ నీటి గోడు ఢిల్లీ దాకా వినబడింది.

వినబడిన తరువాత ఢిల్లీ మొదట చేసిన పని ఏమిటో తెలుసా? ఆ ఏడాదే చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచింది. గుర్తింపు పొందిన పార్టీ అండ లేని అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలని షరతు పెట్టింది. దాహమని తలుపు తట్టినవారికి నీళ్ళివ్వడానికి ముందే గడియ బిగించారన్నమాట! నాగార్జునసాగర్ నుంచి ఎత్తిపోతల నీరు ఆ తరువాత వచ్చింది. ఇంటింటి మంచినీటి పథకానికి చౌటుప్పల్‌లో పైలాన్ వెలిసేసరికి 2015 వచ్చింది. శ్రీశైలం ఎడమగట్టు సొరంగం నేటికీ పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగంలో పైకప్పు కూలి ఎనిమిదిమంది చిక్కుకున్న విషాదం అందరికీ తెలిసిందే.

ఇరవైమూడేళ్ళ తరువాత 2019లో నిజామాబాద్ వంతు వచ్చింది. పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం ఎంత మొత్తుకున్నా ఎవరూ పట్టించుకోలేదు. 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185. ఒక్కొక్క పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పేర్చవలసి వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కుమార్తె, సిట్టింగ్ ఎంపీ కవిత 70,875 ఓట్ల తేడాతో ఓడిపోయారు. పసుపు బోర్డు తెస్తానని బాండు కాగితం మీద రాసిచ్చిన బీజేపీ అభ్యర్థి అర్వింద్ గెలిచారు. ఆ బోర్డు ప్రకటన రావడానికి 2023 అక్టోబరు దాకా, అది ప్రారంభం కావడానికి 2025 జనవరి దాకా ఆగవలసి వచ్చింది. ఆలస్యమైనా వచ్చింది. ఎందుకు వచ్చింది? రైతుల కోరిక కాగితం మీద ఉంది. ఆ కోరిక పేరుతో పడిన ఓట్లు లెక్కలో ఉన్నాయి. తరువాతి ఎన్నికలో ఏ పార్టీ కూడా ఆ లెక్కను మరచిపోలేకపోయింది.

మాట లేని మీట

ఇక నోటా సంగతి. 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ మీట ఓటింగ్ యంత్రంలోకి వచ్చింది. అంతకుముందు ఎవరికీ ఓటు వేయదలచుకోనివారు ఆ సంగతిని పోలింగ్ అధికారి ముందు రిజిస్టరులో రాయించి సంతకం చేయవలసి ఉండేది. రహస్యం మిగిలేది కాదు. తీర్పు ఆ రహస్యాన్ని కాపాడింది. అది మేలే.

కానీ ఈ మీటకు పళ్ళు లేవు. అందరికంటే నోటాకే ఎక్కువ ఓట్లు వచ్చినా, ఆ తరువాత ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థే గెలిచినట్లు. 2024లో ఇందోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి చివరి క్షణంలో నామినేషన్ ఉపసంహరించుకుని ప్రత్యర్థి పార్టీలో చేరిపోయారు. ఆగ్రహించిన జనం 2,18,674 ఓట్లు నోటాకు వేశారు. దేశ చరిత్రలోనే అది రికార్డు. అయినా ఫలితం చెక్కుచెదరలేదు.

మేడారం లాంటి ఊళ్ళకు ఇందోర్ కంటే అరకు దగ్గర. గిరిజనులకు రిజర్వయిన అరకు లోక్‌సభ స్థానంలో 2019లో 47,977 మంది నోటా నొక్కారు. 2024లో ఆ సంఖ్య 50 వేలు దాటింది. పక్కనున్న బస్తర్‌లోనూ నోటా ఓట్లు ఎక్కువే. ఆ ఓటరు ఏం చెప్పదలిచాడు? పోడు భూమికి పట్టా అడిగాడా? గనులు వద్దన్నాడా? రోడ్డు లేదని అలిగాడా? పొడవాటి గుర్తుల వరుసలో తికమకపడి చివరి మీట నొక్కాడా? ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకోవచ్చు. యాభై వేలమంది కోపం కూడా మాట లేకపోతే మూగ కోపమే. కొత్త ఎంపీకి అందులో చదువుకోవడానికి ఏమీ లేదు, సమాధానం చెప్పవలసిన ప్రశ్నా లేదు.

బహిష్కరణ ఇంతకంటే బలహీనమైనది. మేడారం చుట్టుపక్కల అడవి పల్లెలు దశాబ్దాల పాటు నక్సలైట్ల ఎన్నికల బహిష్కరణ పిలుపుల నడుమ బతికాయి. 2023లో కూడా ములుగు సహా 13 నియోజకవర్గాల్లో భద్రతా కారణాల వల్ల పోలింగ్ సాయంత్రం నాలుగింటికే ముగించారు. ఓటు వేయని మనిషి కోపంతో ఆగాడా, భయంతో ఆగాడా, కూలికి పోయాడా అన్నది ఏ లెక్కలోనూ తేలదు.

స్వతంత్ర అభ్యర్థికి పడే ఓటులోనూ మోసముంది. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో విజేత ఆధిక్యం 5,219. అదే ఎన్నికలో రోడ్డు రోలర్ గుర్తు మీద నిలబడిన ఒక అభ్యర్థికి 27 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. అవి తమ కారు గుర్తు అనుకుని జనం పొరపాటున వేసినవని ఓడిన పార్టీ గగ్గోలు పెట్టింది. వాటిలో పొరపాటు ఎంత, నిరసన ఎంత అన్నది ఆ పెట్టెకే తెలియాలి. పేరులో పోలిక ఉన్నవాడిని, గుర్తులో పోలిక ఉన్నవాడిని వెతికి నిలబెట్టే విద్యలో మన పార్టీలు ఆరితేరాయి. నిరసన పేరుతో మనం వేసే ఓటు ఇంకెవరో పన్నిన వలలో పడకుండా చూసుకోవాలి.

సాక్ష్యం, సిఫారసు, వకాలత్

ఓటు గురించి ముఫ్తీ ముహమ్మద్ షఫీ వంటి పండితులు చేసిన వివరణ మనలో చాలామందికి పరిచయమే. ఓటులో మూడు అంశాలున్నాయని వారు చెప్పారు. అది సాక్ష్యం, సిఫారసు, వకాలత్. ఈ మనిషి యోగ్యుడని సాక్ష్యమిస్తున్నాం. అతన్ని ఎన్నుకోమని సిఫారసు చేస్తున్నాం. మన తరఫున మాట్లాడే అధికారం అతనికి అప్పగిస్తున్నాం.

ఈ కొలతతో నిరసన ఓటును కొలిచి చూడండి. నోటా ఓటులో వీరెవరూ యోగ్యులు కారన్న సాక్ష్యం మాత్రమే ఉంది. సిఫారసు లేదు, వకాలత్ లేదు. ఊరూ పేరూ తెలియనివాడికి కోపంతో వేసిన ఓటులో సిఫారసు ఉంది కానీ సాక్ష్యం అబద్ధమవుతోంది. అతను యోగ్యుడో కాదో మనకే తెలియదు కదా! ఇల్లు కదలనివాడు సాక్ష్యాన్నే దాచుకున్నాడు. నిజామాబాద్ రైతు ఓటులో మాత్రం మూడూ ఉన్నాయి. తన కష్టం తెలిసిన తనలాంటి రైతునే నిలబెట్టాడు, తన కోరికనే అతని నోట పలికించాడు.

ఈ చర్చ ముస్లిం ఓటరుకు ప్రత్యేకంగా అవసరం. తెలంగాణ జనాభాలో మనం సుమారు 12.7 శాతమని 2011 జనగణన లెక్క. 119 మంది శాసనసభ్యులలో 2023లో గెలిచిన ముస్లింలు ఏడుగురే. ఆ ఏడుగురూ మజ్లిస్ వారే. అధికారంలోకి వచ్చిన పార్టీ తరఫున ఒక్కరూ గెలవలేదు. 2025 అక్టోబరు 31న అజారుద్దీన్ ప్రమాణ స్వీకారం చేసేవరకు, దాదాపు రెండేళ్ళపాటు, మంత్రివర్గంలో ముస్లిం అన్నవారే లేరు. పోలింగ్ రోజున మన ఇంటికి వచ్చే పార్టీలు టికెట్లు పంచే రోజున మన ఊసెత్తవు. ఈ బాధ మనకూ, మేడారం గిరిజనుడికీ, నల్లగొండ రైతుకూ ఒక్కటే. అందుకే పరిష్కారం కూడా ఒక కులానిదో మతానిదో కాబోదు.

ఏం చేయాలి?

మొదటిది, అభ్యర్థి ఎంపికలో పార్టీ సభ్యుడికి ఓటు ఉండాలి. పార్టీలలో అంతర్గత ప్రజాస్వామ్యం ఉండాలని లా కమిషన్ 1999లోనే తన 170వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ నివేదిక దుమ్ము దులపవలసిన సమయం దాటిపోయింది. సభ్యత్వ రుసుము వసూలు చేసే పార్టీలు సభ్యుడి అభిప్రాయాన్ని కూడా తీసుకోవాలి. మొదటి మెట్టు మీద కోపం తీరే దారి ఉంటే, ఓటరు రెండవ మెట్టు మీద గుడ్డిగా మీట నొక్కవలసిన పని తగ్గుతుంది.

రెండవది, నోటాకు విలువ కల్పించాలి. హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘం 2018లో స్థానిక ఎన్నికల్లో నోటాను కూడా ఒక అభ్యర్థిగా లెక్కించి, దానికే ఎక్కువ ఓట్లు వస్తే మళ్ళీ ఎన్నిక జరపాలని నిర్ణయించింది. ఈ తిరస్కార హక్కు వద్దని లా కమిషన్ 2015లో అభిప్రాయపడింది. ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరమూ ఉంది. కానీ పంచాయతీల దగ్గర ప్రయత్నించి చూస్తే నష్టమేమీ లేదని మా అభిప్రాయం.

మూడవది పూర్తిగా మన చేతిలో ఉన్నది. నిరసన తెలపాలంటే కోరికను ముందు కాగితం మీద పెట్టాలి. ఒకటి లేదా రెండు కోరికలు, చిన్న పిల్లవాడికి కూడా అర్థమయ్యేవి. నామినేషన్ల గడువుకు ఆరు నెలల ముందే వాటిని ప్రతి పార్టీకి అందజేసి, జవాబు కూడా కాగితం మీదే అడగాలి. ఎన్ని కుటుంబాలు ఈ కోరిక వెనుక ఉన్నాయో లెక్క చెప్పాలి. జవాబు రాకపోతే, అప్పుడు తెలిసిన మనిషిని, నమ్మదగిన మనిషిని నిలబెట్టాలి. మసీదు కమిటీ పేరుతోనో, కులసంఘం పేరుతోనో ఒక పెద్దమనిషి రాత్రికి రాత్రి ఓట్లను గంపగుత్తగా ఒప్పజెప్పే పద్ధతికి స్వస్తి పలకాలి.

మేడారం ప్రజలకు ఈ పనికి తగిన వేదిక చట్టమే ఇచ్చింది. నల్లగొండ జనం నామినేషన్లు వేసిన ఆ 1996లోనే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఏజెన్సీ పల్లెల్లో గ్రామసభకు ప్రత్యేక అధికారాలున్నాయి. భూసేకరణకు ముందు దానిని సంప్రదించాలి. చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద దానికి హక్కుంది. తమ ఊరికి ఏం కావాలో గ్రామసభలో తీర్మానించి పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నాయకులు జాతరకు ఎలాగూ వస్తారు. వారు బెల్లం తూచి వెళ్ళేలోగా ఆ తీర్మానం ప్రతి ఒకటి చేతిలో పెట్టి, జవాబు ఎప్పుడిస్తారో తేదీ వేయించుకోవాలి. ఆ తేదీ దాటితే వేసే నిరసన ఓటును ఎవరూ వృథా అనలేరు, దాని అర్థం తెలియదని ఎవరూ తప్పించుకోలేరు.